మాట రానంత మాత్రాన

"మాట రాదు సరే టీచరమ్మా, మరి బుర్ర పన్చేస్తాదా?"

విజయనగరం జిల్లా నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్లలో, వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే మాలాంటివాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇరుగుపొరుగు అడుగుతారు. ఒక్కోసారి పిల్లవాడి సొంత తాతే అడుగుతాడు. అందులో ద్వేషం ఉండదు, బెంగ ఉంటుంది. కానీ పిల్లవాడు అక్కడే నిలబడి ఉంటాడు. పెద్దవాళ్ల ముఖాలు తన వైపు తిరగడం వాడు చూస్తాడు. ఆ చూపుల్లో ఏముందో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నోరు పలక్కపోతే బుర్ర కూడా మందమే అయి ఉంటుందన్న అనుమానం మన ఒక్కరిదే కాదు, చాలా దేశాల్లో ఉంది. ఇంగ్లీషులో అయితే ఆ అనుమానమంతా ఒక్క మాటలోనే దొరుకుతుంది. ఆ మాట 'డంబ్'. రాసేటప్పుడు చివర 'బి' అక్షరం ఉన్నా, పలికేది మాత్రం 'డమ్' అనే. అర్థం చెప్పమంటే ఇప్పటి కాలేజీ పిల్లలు 'తెలివితక్కువ' అంటారు. పాత నిఘంటువు తెరిస్తే 'మూగ' అని ఉంటుంది. మూగ అన్న మాట తెలివితక్కువగా ఎలా మారిందో తెలుసుకుంటే, పై ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఒక మాట నడిచిన దారి

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో 'డంబ్' అంటే మాట్లాడలేని మనిషి, మౌనంగా ఉన్న మనిషి. దీనికి తోబుట్టువులాంటి మాట జర్మన్ భాషలో ఉంది, 'డుమ్' అని. అక్కడ దానర్థం మందబుద్ధి. 19వ శతాబ్దంలో జర్మన్లు పెద్దయెత్తున అమెరికాకు వలస వెళ్లారు. వాళ్ల మాట ప్రభావంతో అమెరికా ఇంగ్లీషులో ఈ రెండో అర్థం బలపడింది. అమెరికా పుస్తకాలు, సినిమాలు వెళ్లిన చోటికల్లా అదీ వెళ్లింది. ఇవాళ పాత అర్థం మూలన పడి, తిట్టు ముందుకొచ్చింది.

ఈ మార్పు జరిగేనాటికే బడుల బోర్డుల మీద 'డెఫ్ అండ్ డంబ్' అనే జంట పేరు స్థిరపడిపోయింది. 1760లో ఎడింబరో నగరంలో థామస్ బ్రెయిడ్‌వుడ్ పెట్టిన బడికి ఆ పేరే. 1893లో మొదలైన కలకత్తా బధిరుల బడికీ ఆ పేరే. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే, పాత అర్థంలోనే పెట్టారు. తర్వాత మాటకు అర్థం మారింది, బోర్డు మాత్రం మారలేదు. అలాంటి బడిలో చదివి ఇంగ్లీషు నేర్చుకున్న కుర్రవాడు ఒకరోజు తన బోర్డును తానే చదువుకుంటే అందులో ఏం కనబడుతుందో ఆలోచించండి. బ్రిటన్‌లో 1890లో ఏర్పడిన బధిరుల సంఘం పేరులోనూ ఈ మాట ఉండేది. 1971లో దాన్ని తీసేసి 'బ్రిటిష్ డెఫ్ అసోసియేషన్'గా పేరు మార్చుకున్నారు.

మనకు తెలియకుండానే ఈ మాట సంతానం మన తెలుగులోనూ తిరుగుతోంది. జిమ్ముల్లో ఎత్తే డంబెల్ అంటే 'మోగని గంట'. గుడి గంట తాడు లాగినట్టే లాగుతూ, గంట లేకుండా కసరత్తు చేసే పరికరానికి మొదట ఆ పేరు పెట్టారు. మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడుగారి సీమలో కసరత్తు చేసే కుర్రాళ్లకు ఈ సంగతి నచ్చుతుంది. కాలేజీల్లో సినిమా పేర్లు సైగలతో చెప్పించే డంబ్ షరాడ్స్ ఆటలో ఉన్నదీ ఈ మాటే.

వీటన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది 'డమ్మీ'. ఎన్నికలొస్తే మన పేపర్ల నిండా డమ్మీ అభ్యర్థులు, డమ్మీ బ్యాలెట్లు కనిపిస్తాయి. బట్టల కొట్లో చీర కట్టి నిలబెట్టేదీ డమ్మీయే. 'డంబ్' నుంచి పుట్టిన ఈ మాటకు 16వ శతాబ్దంలో మొదటి అర్థం మాట్లాడలేని మనిషి. తర్వాత పేకాటలో మనిషి లేని చేతికి పేరయింది. ఆ తర్వాత మనిషి ఆకారంలో ఉన్న బొమ్మకు పేరయింది. మాట లేదన్నారు, అందుకని తెలివి లేదన్నారు, చివరికి లోపల మనిషే లేడన్నారు. మా పిల్లల విషయంలో ఊరి ఆలోచన నడిచే దారి కూడా సరిగ్గా ఇదే.

మన దగ్గర జాలి

తెలుగులో 'మూగ' తిట్టుగా మారలేదు. దాని చుట్టూ జాలి ఉంది. పశువుల్ని మూగజీవాలంటాం. చెప్పుకోలేని బాధ మూగవేదన. పైకి గాయం కనబడని దెబ్బ మూగదెబ్బ. ఎవరికీ ఎదురు చెప్పని కోడల్ని "నోట్లో నాలుక లేని పిల్ల" అని మెచ్చుకుంటాం. వెనువెంటనే "నోరున్నవాడిదే రాజ్యం" అనీ అంటాం. అంటే మన లెక్కలో మాట లేనివాళ్లు అమాయకులు, పాపం, కానీ వాళ్లకు దక్కేదేమీ లేదు. జాలిపడినవాళ్లు అన్నం పెడతారు. బడిలో ముందు బెంచీ ఇవ్వాలంటే మాత్రం ఆ పిల్లవాడికి బుర్ర ఉందని నమ్మాలి.

మాట, తెలివి ముడిపడిపోవడం మన పాత పుస్తకాల్లోనూ ఉంది. భాగవతం పంచమ స్కంధంలో జడభరతుడి కథ చాలామందికి తెలుసు. తెలుగులో ఆ స్కంధం రాసింది గంగన. ఎవరితోనూ మాట కలపకుండా ఉండే ఆ మనిషిని లోకం మందబుద్ధి అనుకుంది. పొలం కాపలాకు పెట్టింది. రహూగణ మహారాజు మనుషులు పట్టుకుపోయి పల్లకీ మోయించారు. నడక కుదరలేదని రాజు ఎగతాళి చేశాడు. అప్పుడతను నోరు విప్పి ఆత్మ గురించి, దేహం గురించి చెబితే, రాజు పల్లకీ దిగి కాళ్లకు మొక్కాడు.

గొప్ప కథ. కానీ మా పిల్లల్ని మనసులో పెట్టుకుని చదివితే ఒక లోటు కనబడుతుంది. జడభరతుడికి గౌరవం దక్కింది మాట్లాడిన తర్వాతే. ఎన్నటికీ నోటితో మాట్లాడని మనిషి కోసం ఆ రాజు పల్లకీ దిగేవాడా? దిగేలా చేయడమే మా పని.

ఈ అనుమానం ఖరీదు ఒక్క అవమానంతో పోలేదు. మనుధర్మశాస్త్రం తొమ్మిదో అధ్యాయంలో ఆస్తిలో వాటా లేనివాళ్ల జాబితా ఉంది. పుట్టు గుడ్డివాళ్లు, చెవిటివాళ్లు, పిచ్చివాళ్లు, జడులు, మూగవాళ్లు అందులో పక్కపక్కనే ఉన్నారు. తర్వాతి హిందూ న్యాయం దాన్నే పట్టుకుని నడిచింది. 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం వచ్చాకే చెవుడు, మూగతనం వాటాకు అడ్డం కాకుండా పోయాయి. పుట్టుకతో మతిస్థిమితం లేనివాళ్లకు ఆ చట్టం కూడా మినహాయింపు ఇవ్వలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్, ఏ జబ్బూ ఏ లోపమూ ఆస్తికి అడ్డం కాదని తేల్చింది. అంతవరకూ "బుర్ర పన్చేస్తాదా" అన్న ప్రశ్నకు మనుషులు భూమి రూపంలో వెల కట్టారు.

ఇదే దేశంలో ఇంకో చట్టం మాత్రం చాలా ముందే న్యాయంగా ఆలోచించింది. 1872 నాటి సాక్ష్య చట్టం 119వ సెక్షన్ శీర్షికలో 'డంబ్' అనే మాట ఉండేది. లోపల ఉన్న నియమం మాత్రం ఎంతో పెద్ద మనసుతో రాసింది. మాట్లాడలేని సాక్షి బహిరంగ కోర్టులో రాసి చూపినా, సైగలతో చెప్పినా, అది నోటి సాక్ష్యం కిందే లెక్క. 1885లో అలహాబాద్ హైకోర్టు ముందుకు దులారీ అనే స్త్రీ హత్య కేసు వచ్చింది. గొంతు కోసిన స్థితిలో, చావుకు ముందు ఆమె ప్రశ్నలకు చేతి సైగలతో జవాబిచ్చింది. ఆ సైగల్ని మరణ వాంగ్మూలంగా తీసుకోవచ్చని కోర్టు చెప్పింది. 2013లో సవరణ చేసి ఆ శీర్షికను 'మాటల ద్వారా చెప్పలేని సాక్షి' అనే అర్థం వచ్చేలా మార్చారు. దుబాసీ సాయం, వీడియో రికార్డింగ్ చేర్చారు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే ఉంది.

లోపం ఎక్కడ?

ఇక అసలు సంగతికి వద్దాం. పుట్టుకతో వినబడని పిల్లల్లో చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు. వాళ్లు ఏడుస్తారు, కిలకిలా నవ్వుతారు, అరుస్తారు. మాట అనేది విని నేర్చుకునే విద్య. అమ్మ మాట చెవిన పడితేనే పిల్ల నోట పలుకుతుంది. చెవిన పడనిది నోటికి రాదు, అంతే. అందుకే 'మూగ-చెవిటి' అని రెండు లోపాలుగా చెప్పేది చాలాసార్లు నిజానికి ఒకే లోపం. వినబడుతూనే మాట రానివాళ్లు వేరే ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు, మాట లోపం ఉన్నవారు సుమారు 20 లక్షలు అని విడివిడిగానే లెక్కించారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా రెండింటినీ వేరుగానే చూస్తుంది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవారు.

కారణాలు అనేకం. గర్భిణికి రుబెల్లా సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే వచ్చే తీవ్రమైన కామెర్లు, మెదడు పొరల వాపు, వంశపారంపర్యం. మేనరికాలు, మేనమామ సంబంధాలు మన దగ్గర ఎక్కువ కాబట్టి, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో బయటపడే అవకాశమూ ఎక్కువే. ఇందులో తల్లి పాపమేమీ లేదు, పూర్వజన్మ కర్మ అంతకన్నా లేదు.

తొందరగా తెలుసుకోవడమే ముఖ్యం. బిడ్డకు నెల నిండేలోగా చెవి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా సాయం మొదలు. ప్రపంచమంతా వైద్యులు పాటించే లెక్క ఇది. నిద్రపోతున్న పసిబిడ్డకు కూడా ఓఏఈ, బెరా అనే పరీక్షలు నొప్పి లేకుండా చేస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో పరీక్షించే లోపాల్లో పుట్టుచెవుడు కూడా ఉంది. చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్న కుటుంబాలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వొచ్చేయి" అని మూడేళ్లు, నాలుగేళ్లు ఆగడం వల్లే ఎక్కువ నష్టం. పళ్లెం కింద పడినా ఉలిక్కిపడని బిడ్డను ఆ నెలలోనే డాక్టరుకు చూపించండి.

ఇంప్లాంట్ అందరికీ కుదరదు, కుదిరినా అందరికీ ఒకేలా పనిచేయదు. బిడ్డకు ముందు కావలసింది భాష, అది చెవి నుంచి వచ్చినా సరే, కంటి నుంచి వచ్చినా సరే. తొలి నాలుగైదేళ్లలో ఏ భాషా అందని పిల్లవాడు నిజంగానే వెనకబడతాడు. అప్పుడు ఊరు "సూసేవా, బుర్ర నేదు" అంటుంది. బుర్ర ఉంది. దానికి అందాల్సిన భాషను మనమే అందనివ్వలేదు.

చేతులు పలికే భాష

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో వీవింగ్ సెక్షన్ మనిషి. లూములన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట చెవిలో అరిచినా వినబడదని చెప్పేవారు. అందుకని కార్మికులు సైగలు చేసుకునేవారు. మంచినీళ్లు, దారం తెగింది, సూపర్‌వైజర్ వస్తున్నాడు, టీకి పోదామా, అన్నీ చేత్తోనే, పెదవులతోనే. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల ఆడవాళ్లు కూడా పెదవులు బాగా సాగదీసి, చేతులు కలిపి మాట్లాడుకునేవారట. దానికి 'మీ-మాయింగ్' అని పేరు. షిఫ్ట్ దిగి చంపావతి ఏటి గట్టున నడిచి ఇంటికొచ్చే మా మిల్లు కార్మికుల్ని ఎవరూ తెలివితక్కువవాళ్లు అనలేదు. మాట వినబడని చోట మనిషి తెలివి చేతుల్లోకి వస్తుందని మిల్లు ఊరి బిడ్డలమైన మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మిల్లు సైగలు కొన్ని అవసరాలకే సరిపోతాయి. బధిరుల సైగ భాష అలా కాదు, అది పూర్తి భాష. అమెరికాలో విలియం స్టోకీ అనే పండితుడు 1960లో దీన్ని శాస్త్రీయంగా చూపించాడు. మాటల్లో ధ్వనులున్నట్టే సైగలోనూ చేతి ఆకారం, చోటు, కదలిక అనే విడి భాగాలున్నాయి. వాటిలో ఒకటి మారితే అర్థం మారుతుంది.

భారతీయ సైగ భాషకూ తనదైన వ్యాకరణం ఉంది. 'ఏమిటి, ఎక్కడ, ఎవరు' లాంటి ప్రశ్నమాట వాక్యం చివర వస్తుంది. 'ఇది బడి' అని తెలుగులో క్రియ లేకుండా చెప్పినట్టే అక్కడా చెబుతారు. మగవాళ్లకు గుర్తు మీసం, ఆడవాళ్లకు ముక్కుపుడక చోటు. మొదటిసారి చూసిన తల్లులు ముక్కుపుడక తాకి చూపగానే నవ్వి వెంటనే పట్టేస్తారు. ఇది మన నేల మీద పెరిగిన భాష.

ఈ భాషను చాలాకాలం అణచిపెట్టారు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో సమావేశమైన బధిర విద్యావేత్తలు, బడుల్లో సైగలు వద్దు, పెదవుల్ని చూసి మాట్లాడటమే నేర్పాలి అని తీర్మానించారు. ఆ ఓటింగులో బధిర ఉపాధ్యాయుల గొంతు దాదాపు లేదు. పిల్లలు సైగ చేస్తే చేతుల మీద కొట్టిన బడులు ఎన్నో. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే సమావేశ పరంపర సభ, ఆ తీర్మానాల పట్ల విచారం తెలిపింది. 130 ఏళ్లు పట్టింది. మన దేశంలో 2015లో ఢిల్లీలో భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో మూడు వేల మాటలతో తెచ్చిన నిఘంటువు 2021 నాటికి పది వేల మాటలకు చేరింది. సెల్‌ఫోన్ ఉన్న ఏ తల్లయినా ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకోవచ్చు.

గిడుగువారి చెవులు

ఉత్తరాంధ్రవాళ్లం మనం ఈ విషయంలో గర్వంగా చెప్పుకోవలసిన మనిషి ఒకరున్నారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజావారి బడిలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. బడిలో గ్రాంథికమే ఉండాలన్న పండితులతో పోరాడి, మనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి తెచ్చారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

గిరిజనులైన సవరల భాష నేర్చుకోవడానికి ఆయన మన్యంలో తిరిగారు. అక్కడ జ్వరాల పాలై, వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువులు కూర్చారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆ వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలుగువాళ్లు భాషా దినోత్సవం జరుపుకునేది వినికిడి పోయిన ఒక పండితుడి పుట్టినరోజున అన్నమాట. ఆయన చెవులు మూతపడ్డాయి, ఆయన భాషాజ్ఞానం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆయనకూ మా పిల్లలకూ ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. వినికిడి పోకముందే ఆయనకు భాష వచ్చు. పుట్టుచెవుడు ఉన్న పిల్లవాడికి ఆ భాగ్యం లేదు, కాబట్టి వాడికి కంటితో చూసే భాష చిన్ననాడే అందాలి. కానీ గిడుగువారి జీవితంలోంచి ఇంకో పాఠం నేరుగా తీసుకోవచ్చు. కొండల్లో సవరలు మాట్లాడేది భాషే కాదని నాగరికులు అనుకునే కాలంలో ఆయన దగ్గరకు వెళ్లి, కూర్చుని, నేర్చుకుని, దానికి వ్యాకరణం ఉందని చూపించారు. సైగల్ని 'చేతులూపడం' అనుకునే మనకు కావలసింది అదే ఓపిక.

ఏమని పిలుద్దాం?

ముందు పేరుతో పిలుద్దాం. ప్రతి పిల్లకూ తల్లి పెట్టిన పేరుంది. "మూగోడా", "సెవిటిదానా" అనే పిలుపు ఎంత ముద్దుగా పిలిచినా పేరును చెరిపేస్తుంది. ఫారాలలో, బోర్డులలో, వార్తలలో చెప్పాల్సి వస్తే 'బధిరులు' అనో, 'వినికిడి లోపం ఉన్నవారు' అనో రాయండి. వినబడుతూ మాట రానివారైతే 'మాట్లాడలేనివారు' అనండి. ఇంగ్లీషులో అయితే 'డెఫ్' ఒక్కటి చాలు. దాని పక్కన రెండో మాట అక్కర్లేదు.

సినిమావాళ్ల బాధ్యత ఇందులో పెద్దది. 1986లో కె. విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల'లో సుహాసిని చేసిన మాట రాని చిత్రకారిణి పాత్రను చూసి ఎవరూ నవ్వలేదు. 2018లో సుకుమార్ తీసిన 'రంగస్థలం'లో వినికిడి మందగించిన చిట్టిబాబే కథానాయకుడు. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వినబడక తప్పుగా జవాబిచ్చే మనిషి మీద నవ్వులు పుట్టించిన హాస్య సన్నివేశాలకు మాత్రం లెక్క లేదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు, తెర మీద దివ్యాంగుల్ని చూపించే తీరు గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్లను కించపరిచే మాటలు వద్దని, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, కించపరిచే హాస్యం వేరని స్పష్టం చేసింది.

మాట్లాడేటప్పుడు పాటించాల్సినవి కూడా కష్టమైనవేమీ కావు. వెనకనుంచి పిలవకుండా ఎదురుగా వచ్చి నిలబడండి. ముఖం మీద వెలుతురు పడేలా చూసుకోండి. అరవకండి, అరిస్తే పెదవుల ఆకారం చెడుతుంది. అర్థం కాకపోతే కాగితం మీద రాయండి, ఫోనులో టైప్ చేయండి. పక్కనున్న అమ్మను "వీడికి ఏం కావాలి?" అని అడగకుండా వాణ్ణే అడగండి. జవాబు ఆలస్యమైతే ఆగండి.

చివరగా బడి పంతుళ్లకు, పంచాయతీ పెద్దలకు నాదొక విన్నపం. ప్రతి ఆగస్టు 29న పిల్లల చేత పద్యాలు చదివిస్తాం, గిడుగువారి పటానికి దండ వేస్తాం. ఈసారి ఆ సభలో ఒక గంట సైగ భాషకు ఇవ్వండి. మన మండలంలో ఉన్న బధిర పిల్లల్ని, పెద్దల్ని వేదిక ఎక్కించి, మిగతా పిల్లలకు పేరు, ఊరు, నమస్కారం, అన్నం తిన్నావా అన్న నాలుగు మాటలు వాళ్ల చేతే నేర్పించండి. పాఠం చెప్పేవాడు వాడు, నేర్చుకునేది ఊరు. బుర్ర పనిచేస్తుందా అన్న ప్రశ్న ఆ గంటలోనే తీరిపోతుంది.